పరాయివాడు కట్టించిన మందిరము

మూలవాక్య భాగములు: లూకా 7:1-10, యిర్మీయా 29:4-7



కపెర్నహూములోని శతాధిపతిని గూర్చి మనము అనేక పర్యాయములు విని యున్నాము. అతని విశ్వాసమును మెచ్చుకొందుము. అయితే అతనిని గూర్చి యూదుల పెద్దలు ప్రభువుతో చెప్పిన మాటను త్వరగా దాటిపోవుదుము. అతడు ఆ ఊరివాడు కాడు, ఆ జనములోనివాడు కాడు, ఉద్యోగరీత్యా వచ్చినవాడు. అయినను ఆ ప్రజలను ప్రేమించి, వారు కూడుకొనుటకు సమాజమందిరము కట్టించెను. బదిలీ అయినచో రేపే వెళ్ళిపోవలసినవాడు! తన సొంతమునకు కాక, ఇరుగుపొరుగువారి నిమిత్తము కట్టించెను.

రాజురాలోను, వార్ధా నదికి ఆవల బల్లార్‌పూర్, చంద్రపూర్‌లలోను ఉన్న మన తెలుగు కుటుంబములకు ఈ సంగతి దగ్గరగా నున్నది. మనలో కొందరి పెద్దలు బొగ్గు గనులలో పనికి వచ్చిరి, మరికొందరు కాగితపు మిల్లుకు, సిమెంటు ఫ్యాక్టరీలకు వచ్చిరి. రాజురా ఒకప్పుడు నిజాం రాజ్యములో ఆదిలాబాదు జిల్లాకు చెందినది. 1956లో రాష్ట్రముల పునర్విభజన జరిగినప్పుడు బొంబాయి రాష్ట్రములో చేరి, 1960 నుండి మహారాష్ట్రలో నున్నది. గీత మారినను మనుష్యులు మారలేదు. ఒకే వీధిలో మరాఠీ, తెలుగు, హిందీ, గోండీ వినబడుచున్నవి. ఇట్టి చోట అందరును కూర్చుండుటకు ఒక సామాజిక భవనము ఉండవలెనని, దానికి చందాలు పోగుచేయవలెనని తలంపు వచ్చినప్పుడు, మన సంఘస్థులు ఏమనవలెను?

"రిటైరైన తరువాత క్వార్టరు ఖాళీ చేసి మన ఊరికి పోవుదుము గదా, మనకెందుకు?" అని కొందరందురు. బబులోనుకు చెరపోయినవారును ఇట్లే తలంచిరి. కాని ప్రవక్త వారికి వ్రాసిన పత్రికలో, ఇండ్లు కట్టుకొనుడి, తోటలు నాటుడి, మీరున్న పట్టణపు క్షేమము కొరకు ప్రార్థించుడి అను భావము గల ఆజ్ఞ యున్నది. తిరిగి వెళ్ళుదినము వచ్చునని చెప్పిన దేవుడే, అంతవరకు చేతులు ముడుచుకొని కూర్చుండవద్దనెను. మనము వెళ్ళినను మన బిడ్డలలో అనేకులు ఇక్కడనే యుందురు. వారికి మరాఠీ బడియే తెలిసిన బడి, ఈ వీధియే తెలిసిన ఊరు.

ఈ పనిలో మూడు సంగతులు జాగ్రత్తగా చూడవలెను.

మొదటిది, భవనము ఎవరి కొరకు? అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయములో సణుగు పుట్టినది భాష వలననే. గ్రీకు మాట్లాడు విధవరాండ్రకు అనుదిన పరిచర్యలో చిన్నచూపు కలిగెను. అపొస్తలులు ఆ ఫిర్యాదును కొట్టివేయక, ఏడుగురిని ఏర్పరచి సరిచేసిరి. మన భవనములో తెలుగువారి పెండ్లికి ఒక రేటు, ఇతరుల పెండ్లికి మరొక రేటు ఉండరాదు. కోలాము తల్లి కూతురు కుట్టుపని నేర్చుకొనుటకు వచ్చినయెడల, మన డీకనుగారి కుమార్తె ప్రక్కనే ఆమెకును మిషను దొరకవలెను.

రెండవది, సహాయమును ఎరగా వేయరాదు. 1876-78 నాటి గొప్ప కరవులో ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో కొంత భాగము కంట్రాక్టు తీసికొని, ఆకలిగొన్నవారికి కూలి దొరుకునట్లు చేసిరి. వేలకొలది జనులు బాప్తిస్మము కోరుచున్నను, కూటి కొరకు మతములో చేరిరను మాట రాకుండ, పదిహేను నెలలు ఎవరికిని బాప్తిస్మమియ్యలేదు. కరవు సహాయము నిలిచిన తరువాతనే, 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆకలి తీర్చుటకు షరతు పెట్టలేదు, విశ్వాసమునకు వెల కట్టలేదు. మన భవనములో పదవ తరగతి పిల్లలకు సాయంకాలము పాఠములు చెప్పినప్పుడు కరపత్రము చేతిలో పెట్టి కూర్చుండబెట్టవద్దు. మన విశ్వాసమును దాచుకొననక్కరలేదు, అడిగినవారికి సంతోషముగా చెప్పుదము. అడుగనివారికిని అంతే ప్రేమతో లెక్కలు నేర్పుదము.

మూడవది, డబ్బు. రాజైన యోవాషు మందిరమును బాగుచేయుడని ఆజ్ఞాపించెను. ఇరువది మూడవ యేట చూడగా పగుళ్లు పగుళ్లుగానే యున్నవి! అప్పుడు యాజకుడైన యెహోయాదా ఒక పెట్టె మూతకు బెజ్జము చేసి బలిపీఠము దగ్గర పెట్టించెను. పెట్టె నిండినప్పుడు రాజు లేఖికుడును ప్రధానయాజకుడును కలిసి లెక్కించిరి (2 రాజులు 12). ఒక్కడు లెక్కించిన డబ్బు అనుమానమునకు తావిచ్చును. పౌలు సహితము కానుకలు తీసికొనిపోవునప్పుడు ఒంటరిగా పోలేదు. దేవుని యెదుటనే గాక మనుష్యుల యెదుటను నింద లేకుండ జాగ్రత్తపడెను (2 కొరింథీ 8). గనుక ప్రతి చందాకు రసీదు ఇయ్యవలెను, బ్యాంకు ఖాతాకు ఇద్దరి సంతకములుండవలెను, జమాఖర్చులు నెలనెల గోడమీద అంటించవలెను. లెక్క చూపించుమని అడిగిన పొరుగువాడు శత్రువు కాడు.

చిన్న కానుకను తక్కువగా చూడవద్దు. మన తల్లులు పొయ్యి మీద అన్నము పెట్టక ముందు పిడికెడు బియ్యము తీసి కుండలో వేసి, ఆదివారము తెచ్చెడివారు. ఆ పిడికెళ్లతో పాస్టర్ల కుటుంబములు బ్రదికినవి. అట్టి తెలుగు సంఘముల ప్రయాసతోనే 1903లో జాన్ రంగయ్యగారు నేటాలు తోటలలోని తెలుగు కూలీల యొద్దకు పంపబడిరి. కోతపండుగనాడు ఒక గుమ్మడికాయను వేలము పాడి మరల ఇచ్చి మరల పాడుట మనకు తెలిసినదే. ఆ ఉత్సాహమునే వీధి కొరకు చూపుదము. అయితే లాటరీ, జూదము వంటివి వద్దు. ఒకని జీతము పోగొట్టి కొన్న ఇటుక మనకు అక్కరలేదు.

రాత్రి షిఫ్టు నుండి వచ్చినవాని ఇంట మరణము సంభవించినప్పుడు కుర్చీలు, పాత్రలు, నలుగురు కూర్చుండు నీడ దొరకినయెడల, ఆ ఇంటివారు దానిని మరువరు. పింఛను కాగితములు పూర్తి చేయలేని విధవరాలికి అరగంట సహాయమైనను గొప్ప పరిచర్యయే.

శతాధిపతి తాను కట్టించిన మందిరమును గూర్చి ప్రభువుతో ఒక్క మాటయు చెప్పలేదు. ఊరివారే సాక్ష్యమిచ్చిరి. తాను మాత్రము, నా యింటికి నీవు వచ్చుటకు నేను పాత్రుడను కానను భావముతో నిలిచెను. ఫలకము మీద మన పేరు చెక్కించుకొనుట సులభము. పొరుగువారు మన కొరకు ప్రభువును వేడుకొనునట్లు జీవించుట కష్టము. ఈ కష్టమైన దానిని కోరుకొందము. రాబోవు ఆదివారము ప్రతి కుటుంబము తాను ఇయ్యగల చందాను, వారములో ఇయ్యగల ఒక గంటను ప్రార్థనాపూర్వకముగా నిర్ణయించుకొని రావలెనని కోరుచున్నాము.

ప్రభువు మన చేతిపనిని ఆశీర్వదించును గాక. ఆమేన్.