ఇంటి కూటమునకు ఏమి సిద్ధపరచవలెను?

(ధ్యాన భాగములు: అపొ. కార్య. 2:46, 1 కొరింథీ. 11:20-22)

శృంగవరపుకోట చుట్టుపట్ల మన గ్రామములలో, ఆదివారపు ఆరాధన గాక, వారమున కొక రాత్రి ఇంటింట వంతున కూడుకొని వాక్యమును గూర్చి మాటలాడుకొను కుటుంబములు కలవు. గుడిలో బోధకులు చెప్పుదురు, మనము విందుము. ఇంట నట్లు కాదు. చాపమీద కూర్చున్న ప్రతివారును అడుగవచ్చును, తమకు తోచినది చెప్పవచ్చును.

ఇది క్రొత్త పద్ధతి కాదు. అకుల ప్రిస్కిల్లల యింటను, ఫిలేమోను ఇంటను సంఘములు కూడుచుండెనని పత్రికలలో చదువుచున్నాము. మన విశాఖపట్టణమునకు 1805లో లండన్ మిషనరీ సొసైటీ వారగు క్రాన్, డీగ్రాంజెస్ అనువారు వచ్చిరి. వారు ఆనందరాయరు అను బ్రాహ్మణ విశ్వాసి తోడ్పాటుతో సువార్తలను తెలుగుచేయ పూనుకొనిరి. ఆ యిద్దరు మిషనరీలును 1810లోపుగా మరణించినను, 1812లో మూడు సువార్తలు శ్రీరామపూరులో అచ్చుపడెను. వచ్చినవారికి తెలుగు నేర్పువాడు కావలెను. ఆయనకు సువార్త తెలిపినవారు కావలెను. ఒకరినొకరు అడుగనిదే ఆ పని సాగియుండదు. వాక్యమునొద్ద ఇచ్చువాడు వేరు, పుచ్చుకొనువాడు వేరు అని లేదు.

అయితే కూటమును ఇంటికి పిలుచువారు ఏమి సిద్ధపరచవలెను? నా తప్పిదమును చెప్పి ఈ ప్రశ్నకు వచ్చెదను.

మా వీధి కూటము మొదట మా ఇంటనే జరిగెను. సంతోషముకొలది పులిహోర, బూరెలు, కాఫీ పెట్టితిమి. మరువారపు ఇంటివారు మాకు తక్కువ కాకుండ పెట్టిరి. మూడవ వంతు కూలిపని చేసుకొను ఒక విధవరాలిది. ఆమె ఒంట్లో బాగులేదని కబురు పంపెను. ఆమె మరల కూటమునకే రాలేదు. వెళ్లి అడుగగా, తల వంచుకొని, “మా ఇంటికాడ ఏటుంది బాబూ, మీకెట్టడానికి?” అనెను.

ఆ మాట నన్ను నిద్రపోనియ్యలేదు. కొరింథులో కలిగినవారు ముందుగా భుజించి, లేనివారిని సిగ్గుపరచిరని అపొస్తలుడు గద్దించెను. నేను ఆమెకు పెట్టకుండ భుజింపలేదు, ఆమెకును పెట్టితిని. అయినను సిగ్గుపరచితిని.

ఆతిథ్యము చేయుమని లేఖనము ఆజ్ఞాపించుచున్నది గదా, అబ్రాహాము లేత దూడను వండించలేదా, అని కొందరందురు. నిజమే. కాని అబ్రాహాము అతిథులు మరువారము ఆయనను తమ గుడారమునకు పిలువవలసినవారు కారు. వంతుల కూటములో అట్లు కాదు. మన పళ్లెము ఇతరులకు కొలపాత్ర యగును. నేనొకరికి పెట్టిన విందు, ఆమె తన తలుపు తెరచుటకు అడ్డమైనయెడల, అది ప్రేమ వేషము వేసికొన్న గర్వము. ఆకలిగొన్నవారికి పెట్టవలెనా? తప్పక పెట్టుదము, కూటము లేని దినమున, పదిమంది చూడకుండ పెట్టుదము.

అప్పటినుండి మేమొక కట్టుబాటు చేసికొంటిమి. ఎవరి ఇంటనైనను మంచినీళ్లే. వృద్ధులకు తప్ప కుర్చీలు లేవు. చదువు వచ్చినవారు భాగమును రెండుసార్లు మెల్లగా చదువుదురు, చదువు రానివారును విని మాటలాడునట్లు. ఇంటివారు కడపట మాటలాడుదురు.

ఆమె వంతు వచ్చెను. పేడతో అలికిన అరుగు, ఒక దీపము, కడవతో నీళ్లు. ఆ రాత్రి భాగము నిర్గమకాండము 16వ అధ్యాయము, మన్నా సంగతి. మా ఇంట ఏనాడును నోరు విప్పని ఆమె తన ఇంట అడిగెను: “ఎక్కువ ఏరుకున్నోడికి మిగల్లేదంతన్నారు. మరి మనకెందుకు మిగుల్తంది బాబూ?”

ఎవరును వెంటనే జవాబు చెప్పలేకపోయితిమి. ఇప్పటికిని నేను ఆ ప్రశ్నను మోయుచున్నాను. నా బూరెల పళ్లెము ఆ ప్రశ్నను మాకు దక్కకుండ చేసియుండును.

కాబట్టి ప్రియులారా, ఈ నెలలో మీ వంతు వచ్చినప్పుడు, ఏమి పెట్టుదుమని గాక, మన తరువాతి వంతు ఎవరిదని ముందుగా ఆలోచించుడి. ఆ ఇంట సిద్ధపరచగలిగినదే మీ ఇంటను సిద్ధపరచుడి. తనకొక ఇల్లు లేక మన ఇండ్లకు వచ్చిన ప్రభువు మీ అరుగుమీద కూర్చుండును గాక.