విద్యార్థులును మద్యపానమును

విద్యార్థి మొట్టమొదట మద్యపాత్ర నేల యందుకొనును? తోడివారు పిఱికివాఁడని నవ్వుదురను భయముచేతనే.

కలకత్తా హిందూకళాశాలలోఁ జదివిన రాజనారాయణ బోసుగారి చరిత్రమే యిందులకుఁ దార్కాణము. ఆ కాలమున నాంగ్లవిద్య నేర్చిన యువకులు పలువురు మద్యపానమును నాగరకతాచిహ్నముగా నెంచిరి. కళాశాలచెంతనున్న గోల్‌దీఘి చెరువుగట్టున మిత్రులతోఁ గూడి యాయనయుఁ ద్రాగెను. మితము నేర్పఁ దలఁచి తండ్రి యింటనే తన యెదుటఁ గొంచెము త్రాగుమనెను. కుమారుఁడు బయటఁ ద్రాగుట మానలేదు. 1844వ సంవత్సరమున రోగగ్రస్తుఁడై కళాశాలనే విడువవలసివచ్చెను. పిమ్మట బ్రాహ్మధర్మము నవలంబించి, మేదినీపురమునఁ బ్రధానోపాధ్యాయుఁడై, సురాపాననివారణసభను స్థాపించెను. తన తప్పును స్వీయచరిత్రలో దాఁపక వ్రాసెను.

మనము పిల్లలను నిందింతుము. మన విందులలో మాత్రము పాత్రలు నిండుచుండును. మితమను పేర మనమే వారికి ద్వారము తెఱచుచున్నాము. ముందుగా మన యిండ్లనుండి మద్యమును వెడలఁగొట్టుదము. తప్పిన బాలుని వెలివేయక చేరఁదీయుదము. అతఁడే ఱేపు పదుగురిని గాపాడవచ్చును. ప్రతి వసతిగృహమునను "నే నొల్ల"నని నవ్వుచుఁ జెప్పఁగల మిత్రు లిద్దఱున్నచోఁ దక్కినవారి భయము తీఱును.

సర్వాంతర్యామివగు పరమేశ్వరా! మా బిడ్డలకు ధైర్యమును, మాకు సత్యవర్తనమును బ్రసాదింపుము.