ఖాళీ గడిలో సున్నా పెట్టేముందు

పొద్దున్నుంచీ మోడల్ మీద మోడల్ మారుస్తున్నావు నాయనా. మార్చొద్దనను. కానీ అది ఏ గ్రాఫ్ మీద నడుస్తోందో ఒక్కసారైనా తెరిచి చూశావా?

నీ చేతిలో ఉన్నది ఈస్ట్ జన్యువుల డేటా. 2417 జన్యువులు, ఒక్కోదానికి 103 కొలతలు, మొత్తం 14 లేబుళ్లు. ఒక్కో జన్యువుకి సగటున నాలుగు పైచిలుకు లేబుళ్లుంటాయి. కొన్నింటి లేబుళ్లే ఉంచుకుని, తక్కినవి గ్రాఫ్ మీద తేల్చే సెమీ-సూపర్‌వైజ్డ్ పద్ధతి పట్టావు. మంచి దారే. 2003లో జూ, గహ్రమానీ, లాఫర్టీ చూపించిన దారి. తెలిసిన లేబుల్‌ని కదలనివ్వరు, తెలియని నోడ్‌కి పొరుగు నోడ్ల సగటు ఇస్తారు, విలువలు నిలకడకొచ్చేదాకా అలాగే చేస్తూ పోతారు. అంటే నీ జవాబంతా పొరుగు మీదే ఉంది. ఆ పొరుగును కట్టింది నువ్వే కదా! ఎవరి కోడ్‌లోనో చూసి 'దగ్గరి పొరుగులు పది' అని రాసేశావు. ఐదైతే ఏమవుతుందో, ఇరవై అయితే ఏమవుతుందో చూడొద్దూ? సంబంధం లేని రెండు జన్యువులను కలిపావంటే తప్పు లేబుల్ అక్కడితో ఆగదు, పక్కవాటికీ పాకుతుంది.

ఇక నా అసలు బెంగ వేరే ఉంది. లేబుల్ రాసి లేని ప్రతి గడిలోనూ సున్నా పెట్టేస్తున్నావు. ఒక జన్యువుకి ఫలానా పని రాసి లేకపోతే, అది ఆ పని చెయ్యదనేనా? ఇంకా ఎవరూ పరీక్షించి ఉండకపోవచ్చు కదా. పిల్లాడు బడికి రాలేదని హాజరు పట్టీలో లేకపోవడం వేరు, అసలు హాజరే వెయ్యకపోవడం వేరు. తెలియని గడిని లాస్ లెక్కలోంచి తప్పించు. 'కాదు' అని తేలిన చోటే సున్నా రాయి. నీ సున్నా చూసి ఏ ల్యాబ్‌లోనో ఒక పిల్ల ఆ జన్యువును పక్కన పెట్టేస్తుంది. నీ ఒకటి చూసి నెలల తరబడి దాని వెంట పడుతుంది. ఆ పిల్ల కష్టం నీ తొందరకు బలవ్వకూడదు.

నిన్న డెబ్బై శాతం వచ్చిందని ఇంట్లో అందరికీ చెప్పావు. సంతోషమే. అయితే ఈ డేటాలో పద్నాలుగింటికీ 'కాదు' అని రాసినా నూటికి దాదాపు డెబ్బై గళ్లు సరిపోతాయి, లెక్క వేసుకో. లేబుల్ లేబుల్‌కీ విడిగా ఎఫ్1 చూడు, అరుదైన లేబుల్‌తో మొదలుపెట్టు. ట్రైనింగ్ విభజన కూడా మార్చి మార్చి నడుపు. గ్రాఫ్ న్యూరల్ నెట్‌వర్కుల్లో విభజన మారితే మోడళ్ల వరసే తారుమారవుతుందని 2018లో షుర్ బృందం చూపించింది.

ఈ రాత్రికి ఆపి అన్నం తిను. రేపు మోడల్ జోలికి పోకముందే ఓ ఇరవై జన్యువులు తీసి, వాటి పొరుగులేవో నీ కంటితో చదువు.