అర్ధరాత్రి తలుపు తట్టినవాడు

బైలడిల్లా ఇనుప గనులలో ఉద్యోగము ముగించుకొని, జగదల్‌పూరులో కుమారుని యొద్ద కాలము గడుపుచున్న ఒక తెలుగు పెద్దను చదువరులు ఊహించుకొందురు గాక. బస్తరులో అట్టివారు అరుదు కారు. 1960వ దశకములో కొత్తవలస–కిరండూల్ రైలుమార్గము పడిన తరువాత తెలుగు కుటుంబములు అనేకము ఆ గని పట్టణములకు చేరినవి. నాడి మందగించి రెండు పర్యాయములు స్పృహ తప్పి పడిపోయిన ఆ పెద్దను కుటుంబము అదే రైలుమార్గమున విశాఖపట్టణమునకు తీసికొనిపోయినది. అక్కడ ఎడమ భుజమునకు కొంచెము దిగువగా చర్మము క్రింద పేస్‌మేకరు నమర్చి, దాని సన్నని తీగలను సిరగుండ గుండెలోనికి పంపిరి. కొలది దినములలో ఆయన ఇల్లు చేరెను. గండము గడచినదని బంధువులు తలంచిరి.

ఆయనకు అసలు శ్రమ ఆరంభమైనది అప్పుడే. ఒక రాత్రి గాయము సలుపగా, తీగ జారినదేమో యని ఆసుపత్రి అత్యవసర విభాగమునకు పరుగెత్తిరి. ఇ.సి.జి. తీసి, యంత్రము చక్కగా పనిచేయుచున్నదని చెప్పి పంపిరి. రెండవ మారు ఆయన తన నాడిని తానే లెక్కించుకొనెను. నిమిషమునకు 60కి తగ్గనీయదని వైద్యులు చెప్పిన యంత్రము లోపల నుండగా, లెక్కకు 48 మాత్రమే వచ్చినది. మరల ఆటో, మరల అదే బల్ల, మరల అదే జవాబు. మూడవ మారు గుండె ఒక్కసారి తుళ్లిపడినట్లయినది. అప్పటికి అక్కడివారి ముఖములలో విసుగు కనబడినది. మరునాడు సంఘపెద్ద యొకరు పరామర్శకు వచ్చి, ప్రేమతోనే, “ప్రార్థన చేసికొన్న తరువాత ఇంకను భయమెందుకయ్యా?” అనెను.

నాలుగవ రాత్రి కండ్లు తిరిగినప్పుడు ఆ పెద్ద కుమారుని లేపలేదు. మంచము మీద కూర్చుండి, మణికట్టు మీద వ్రేళ్లు ఉంచుకొని, తెల్లవారువరకు ఒంటరిగా లెక్కించుచుండెను.

విచారింపవలసినది ఈ నాలుగవ రాత్రిని గూర్చియే. మొదటి మూడు రాత్రులు ఆయన చేసినది తప్పా? నాలుగవ రాత్రి చేసినది విశ్వాసమా?

ఆ 48 సంగతి మొదట చూడవలెను. గుండె అప్పుడప్పుడు తనంతట తానే ముందుగా ఒక అదనపు స్పందన చేయును. అందులో రక్తము తగినంత బయటికి రాదు గనుక మణికట్టు వద్ద అది వ్రేళ్లకు తెలియదు. యంత్రము మాత్రము దానిని గుర్తించి, తన లెక్కను అక్కడినుండి మరల మొదలుపెట్టును. కాబట్టి యంత్రము ఏ లోపము లేక పనిచేయుచుండగానే మణికట్టు లెక్క తగ్గవచ్చును. అయితే అర్ధరాత్రి ఒక్కడే కూర్చుండి లెక్కించువానికి ఇది ఎట్లు తెలియును? మొదటి వారములలో తీగ కొస నిజముగానే స్థానము తప్పవచ్చును. అందుకే ఆ చేతిని భుజమునకు పైగా ఎత్తవద్దని వైద్యులు చెప్పుదురు. నిజమైన అపాయమునకును వట్టి భయమునకును శరీరములో కలుగు అనుభవము ఒక్కటే కావచ్చును. భేదమును చెప్పునది ఆసుపత్రిలోని ఆ కాగితపు చీలిక. దానిని చూచిన తరువాత, నీవు రాకుండవలసినదని అనుట న్యాయము కాదు. బయలుదేరినప్పుడు అతనికి తెలిసినదానిని బట్టి అతని కార్యమును తూచవలెను గాని, తరువాత ఇతరులకు తెలిసినదానిని బట్టి కాదు.

తెలుగువారు భయపడినవానితో గుండె దిటవు చేసికొమ్మందురు. తక్కినవారికి అది మంచిమాటయే. గుండెయే తప్పిపోయి యంత్రము మీద ఆధారపడినవానికి ఆ మాట వినుటకే విచిత్రముగా నుండును.

మొట్టమొదట ఈ యంత్రమును శరీరములో ధరించినవాడును ఆసుపత్రికి మరల మరల రావలసినవాడే. 1958 అక్టోబరు 8న స్వీడను దేశపు కరోలిన్‌స్కా సంస్థలో ఓకె సెన్నింగ్ అను శస్త్రవైద్యుడు, రూనె ఎల్మ్‌క్విస్ట్ అను ఇంజనీరు చేసిన యంత్రమును 43 సంవత్సరముల ఆర్నె లార్సన్‌కు అమర్చెను. అతడు దినమునకు ఇరువది ముప్పది సార్లు స్పృహ తప్పుచుండెడివాడు. అట్టి యంత్రము సిద్ధముగా లేదని వైద్యుడు చెప్పినను, భార్య ఎల్స్ మరీ విడువక, వైద్యుని ఇంజనీరును మార్చి మార్చి వేడుకొనెను. బూటుపాలిష్ డబ్బాను అచ్చుగా పెట్టి పోతపోసిన ఆ మొదటి యంత్రము కొన్ని గంటలకే ఆగిపోయినది. వెంటనే రెండవదానిని అమర్చిరి. లార్సన్ తన జీవితకాలములో ఇట్టివి 26 ధరించెను. ఆ వైద్యుడును ఇంజనీరును గతించిన తరువాత, 2001లో, 86 ఏండ్ల వయస్సున, చర్మపు క్యాన్సరుతో మరణించెను. ఎల్స్ మరీ సిగ్గుపడి ఇంటికి మరలియున్నచో ఈ వృత్తాంతము వేరుగా నుండెడిది.

ఇంతమాత్రమున రెండవ పక్షమును త్రోసివేయరాదు. బస్తరులో వైద్యులు కొద్దిమంది, దారులు దీర్ఘములు. కోంటా నుండియో బీజాపూరు నుండియో పాముకాటు తిన్నవాడు, మలేరియా జ్వరముతో ఒడలు తెలియని బిడ్డ అదే రాత్రి అదే వాకిట నుండవచ్చును. కాబట్టి రోగికిని ఒక బాధ్యత కలదు. యంత్రపు వివరముల కార్డును ఎల్లప్పుడు జేబులో నుంచుకొనుట, మూర్ఛ, ఆయాసము, ఎడతెగని వెక్కిళ్లు, గాయము ఎర్రబడి వాచుట లేదా చీము కారుట అనునవి క్షణము ఆలస్యము చేయరాని గురుతులని నేర్చుకొనుట, తనకంటె అపాయములోనున్నవానికి ముందు స్థానమిచ్చి బల్లమీద ఓపికతో కూర్చుండుట. బల్లమీద కూర్చుండుట వేరు, ఇంటిలోనే ఉండిపోవుట వేరు.

లూకా సువార్తలో యేసు చెప్పిన అర్ధరాత్రి స్నేహితుని ఉపమానమును ఈ సందర్భమున మరల చదువదగును. లోపలివాని ఇబ్బందిని ప్రభువు దాచలేదు: తలుపు వేసియున్నది, పిల్లలు పడుకొనియున్నారు. అయినను తట్టినవానిని ఆయన మందలింపలేదు. తట్టుటకు సిగ్గుపడనివానినే మాదిరిగా చూపెను. ఆ సంఘపెద్ద మాటలోని పొరపాటు ఇక్కడ తెలియును. భయపడి సహాయము కోరుటను ఆయన అవిశ్వాసమని తలంచెను. కాని ఆ మాట విన్నవాడు భయము మానలేదు. కుమారుని పిలుచుట మాత్రమే మానెను. భయము లోపలనే యుండి, తలుపు మూతపడినది.

ఆ పెద్దను మరల పరామర్శింప వెళ్లునప్పుడు సంఘపెద్ద వేరొక మాట చెప్పవచ్చును. తన యిల్లు రెండు వీధుల అవతలనే యున్నదనియు, ఏ జామునైనను కబురు చేసినయెడల తానును వెంట వచ్చి ఆ బల్లమీద ప్రక్కన కూర్చుందుననియు.