ఆ ఇరవై రెండేళ్లు ఎవరి ఖాతాలో?

మొన్న సంక్రాంతికి అమలాపురం వెళ్తే పిన్ని ఒక ఫైలు తెచ్చి నా ముందు పెట్టింది. విడాకుల డిక్రీ, దాని వెనకాల తాతయ్య పోస్టల్ పెన్షన్ కాగితాలు. "ఇరవై రెండేళ్లు కాపురం చేశాను కదరా, ఆయన పెన్షన్‌లో నాకేమీ రాదంటావా?" అనడిగింది.

వెతికాను. బాబాయిది ప్రైవేటు ఉద్యోగం. 1995 నాటి ఉద్యోగుల పెన్షన్ పథకంలో సభ్యుడు పోతే భార్యకు పెన్షన్ వస్తుంది. విడాకులైతే ఆమె ఇక ఆ 'కుటుంబం'లో లేదు. ఆయన బతికుండగా వాటా ఇమ్మనే నిబంధనా లేదు. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, స్టేటస్ మారగానే పాత ఎంట్రీలన్నీ చెరిపేసినట్టు.

విచిత్రమేమిటంటే తాతయ్య కేంద్ర ప్రభుత్వోద్యోగి. తల్లిదండ్రులు బతికుండగానే విడాకుల కేసు వేసి, సొంత ఆదాయం పరిమితి దాటకపోతే, విడాకులైన కూతురికి కుటుంబ పెన్షన్ దక్కే దారి ఉంది. అంటే ఆమె పుట్టుక లెక్కలోకి వచ్చింది, చాకిరీ రాలేదు.

"భరణం ఉందిగా" అంటారు. నిజమే, హిందూ వివాహ చట్టం 25వ సెక్షన్ కింద కోర్టు భర్త ఆదాయం చూసే ఇస్తుంది. కానీ ఆమె మళ్లీ పెళ్లి చేసుకుంటే దాన్ని మార్చొచ్చు, ఆపొచ్చు. సంపాదించుకున్నదాన్ని ఎవరూ అలా ఆపరు.

పెన్షన్ యజమాని దయ కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని 1982లో నకారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మరి ఆ సేవ ఒక్కరిదేనా? బాబాయి షిఫ్టు తప్పకుండా వెళ్లాడంటే, మంచాన పడ్డ ఆయన తల్లిని ఇంట్లో చూసుకున్నదెవరు? జర్మనీలో 1977 నుంచీ, కాపురం చేసినన్నాళ్లలో ఇద్దరికీ జమైన పెన్షన్ హక్కుల్ని విడాకులప్పుడు సగం సగం పంచుతున్నారు.

బాబాయి వైపు నుంచీ ఆలోచించాను. ఆ పథకంలో కనీస పెన్షన్ నెలకు 1,000 రూపాయలు. పంచితే ఇద్దరికీ చాలదు. ఒప్పుకుంటాను. కానీ కొబ్బరి దింపు తగ్గిందని వాటాదారుణ్ణి తోటలోంచి పొమ్మంటామా?

చివరికి, తాతయ్య పెన్షన్‌కి దరఖాస్తు పెడదామన్నాను. పిన్ని ఫైలు మూసింది.

"పెడదాంలే. నాన్న పెట్టేది సరే. నేను పెట్టిందో?"