ఖాళీ పీఠం, మంచుకొండ

తెనాలిలో విగ్రహాల షెడ్ల ముందు కాసేపు నిలబడితే ఒంటరిగా ఆనించి పెట్టిన చెయ్యి, మొండెం మీదికి ఇంకా ఎక్కని తల, రంగు ఆరుతున్న కండువా కనిపిస్తాయి. ఎన్టీఆర్, అంబేద్కర్, గాంధీ, ఏదో ఒక కూడలికి ప్రయాణమవ్వాల్సిన వాళ్లంతా అక్కడ వరసలో ఉంటారు. ఫైబరు, కంచు సరే, పాత ఇనుముతోనూ చేస్తున్నారు. నట్లు, బోల్టులు, గేరు చక్రాలు అతికించి మనిషెత్తు బొమ్మను నిలబెడతారు. సరుకు ఏదైనా ఆర్డరిచ్చినవాళ్లు వచ్చి వేసే ప్రశ్న ఒక్కటే. పోలిక వచ్చిందా? ముక్కు కాస్త అటూ ఇటూ అయిందా, పని మళ్లీ మొదటికొస్తుంది.

ఆ ఊరికి దగ్గర్లోనే, దుగ్గిరాల మండలం తుమ్మపూడిలో, పోలికతో పని లేని బొమ్మలు వేసుకుంటూ ఒకాయన జీవితమంతా గడిపాడు. సూర్యదేవర సంజీవదేవ్ (1914-1999). చిత్రకారుడు, సౌందర్య తాత్త్వికుడు, అంతకు మించి ఉత్తరాల మనిషి. ‘తెగిన జ్ఞాపకాలు’, ‘స్మృతిబింబాలు’, ‘గతంలోకి’ అనే ఆత్మకథా గ్రంథాల వల్ల తెలుగు పాఠకులకు ఆయన రచయితగానే ఎక్కువ తెలుసు. ఆయన వేసినవి ఎక్కువగా ప్రకృతి దృశ్యాలు. కొండ, మబ్బు, చెట్టు, మధ్యలో బోలెడంత చోటు. చుట్టూ చూస్తే వరి మాగాణి, పసుపు చేలు, కాలువ గట్లు, తాటిచెట్లు. ఊళ్లో గుట్టన్నది లేదు. పలకలా చదునైన ఆ డెల్టాలో కూర్చుని ఆయన హిమాలయాలు గీశాడు.

ఎందుకు గీశాడన్నదానికి సులువైన జవాబు ఆయన యవ్వనంలో దొరుకుతుంది. ఉత్తరాది తిరిగిన ఆ కాలంలో కులూ లోయలోని నగ్గర్ చేరి రష్యన్ చిత్రకారుడు నికొలాస్ రోరిక్ ఇంట అతిథిగా ఉన్నాడు. రోరిక్ అప్పటికే ప్రపంచానికి తెలిసిన పేరు. 1874లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టి, 1913లో పారిస్‌ను అల్లకల్లోలం చేసిన స్ట్రావిన్‌స్కీ నృత్యరూపకం ‘వసంతార్చన’కు తెరలు, దుస్తులు రూపొందించి, చివరికి 1928లో కులూలో స్థిరపడినవాడు. వేల కొద్దీ చిత్రాలు వేసి 1947లో అక్కడే కన్నుమూశాడు. తెలుగువాళ్లకు ఇంకో చుట్టరికం కూడా ఉంది. ఆయన చిన్న కొడుకు స్వెతోస్లావ్ పెళ్లాడిన నటి దేవికారాణి పుట్టింది వాల్తేరులో.

రోరిక్ కొండలు వట్టి కొండలు కావు. చాలా చిత్రాల్లో శిఖరం కింద ఒక యోగి, ఒక గుర్రపు రౌతు, లేదా ఒక గుహలో వెలుగు ఉంటుంది. బుద్ధుడు, కృష్ణుడు, క్రీస్తు, ముఖం సగం కప్పుకున్న జగన్మాత, అందరూ ఆ నీలిమలోకి వచ్చి కూర్చుంటారు. ప్రతీకలు ఆయనకు భాష. నిఘంటువు తెలిసినవాడు ఒక్కోదాన్నీ చదివి అర్థం చెప్పగలడు. ఇబ్బందీ అక్కడే ఉంది. అర్థం చెప్పేశాక చిత్రం దగ్గర నిలబడాల్సిన అవసరం తగ్గిపోతుంది. రోరిక్ బొమ్మల్లో మనసును పట్టేవి సిద్ధాంతం తక్కువై మంచు ఎక్కువైనవే అంటే ఆయన అభిమానులు ఒప్పుకోకపోవచ్చు.

సంజీవదేవ్ ఆయన దగ్గర కొండను తీసుకుని యోగిని అక్కడే వదిలి వచ్చినట్టు కనిపిస్తుంది. భక్తి నుంచి కాక రసం నుంచి ఆధ్యాత్మికతలోకి నడిచిన మనిషి ఆయన. మన అలంకారికులు రసానందాన్ని బ్రహ్మాస్వాద సహోదరం అన్నారు. సాహిత్యదర్పణకారుడు విశ్వనాథుడి మాట అది. సహోదరం అంటే తోబుట్టువు. పోలికలుంటాయి, రక్తసంబంధం ఉంటుంది, అయినా అదే ఇదని కాదు. తోబుట్టువుకు వేరు కాపురం ఉండొచ్చు, ఆ కాపురంలో పూజగది లేకపోనూ వచ్చు.

మరి దేవుడి రూపం లేని చిత్రాన్ని ఆధ్యాత్మికం అనడం ఎలా? ఈ ప్రశ్న అడగడానికి తెలుగు ఇళ్లకు హక్కుంది. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో అచ్చుయంత్రం పెట్టించాక లక్ష్మీ సరస్వతులకు ఒక ముఖం స్థిరపడింది. అప్పటినుంచి క్యాలెండరు మీదా, కొట్టు గల్లాపెట్టె పైనా మనం మొక్కుతున్నది ఎక్కువగా ఆ ముఖాలకే. సగుణోపాసన తక్కువదని ఎవరూ అనలేరు. బాపట్లకు పేరే భావనారాయణస్వామి వల్ల వచ్చిందంటారు. ఆ గుడిలో దీపం వెలుగులో మూర్తిని చూసినవాళ్లకు రూపం ఎంత పని చేస్తుందో చెప్పక్కర్లేదు.

అయితే ఇదే కృష్ణాతీరంలో రెండు వేల ఏళ్ల కిందట శిల్పులు ఇంకో దారి కూడా తొక్కారు. అమరావతి పలకల్లో కొన్నిచోట్ల బుద్ధుడుండాల్సిన తావులో బుద్ధుడు లేడు. ఖాళీ పీఠం, దాని ముందు రెండు పాదముద్రలు, వెనక బోధివృక్షం, ఒక్కోసారి నిప్పుల స్తంభం. చుట్టూ జనం మాత్రం ఆయన ఎదుటే ఉన్నట్టు ఒంగి, చేతులు జోడించి, కళ్లు పైకెత్తి ఉంటారు. మనిషి రూపంలో చూపడం తగదనుకున్నారని చాలాకాలం పండితులు చెప్పారు. కాదు, అవి బుద్ధుడి తర్వాత యాత్రాస్థలాల్లో జరిగిన పూజల దృశ్యాలే అయి ఉండొచ్చని 1990లో కళాచరిత్రకారిణి సుసాన్ హంటింగ్టన్ వాదించారు. అదే అమరావతిలో బుద్ధుడి మూర్తులూ ఉన్నాయి గనుక నిషేధం అనే మాట కొంచెం పెద్దదే. ఏ వాదం గెలిచినా చూసేవాడి అనుభవం మారదు. ఆ పీఠం మీద ఎవరిని కూర్చోబెట్టాలో శిల్పి చెప్పలేదు. చోటు వదిలాడు.

తుమ్మపూడి చిత్రకారుడి మంచుకొండ ఆ పీఠానికి దగ్గరి చుట్టం. అదేమిటో చెప్పే తాళంచెవి దానికి లేదు. కైలాసం అనుకున్నవాడికి కైలాసం, వట్టి నీలిరంగు అనుకున్నవాడికి నీలిరంగు. తెనాలి ప్రశ్న, పోలిక వచ్చిందా అన్నది, ఇక్కడ వేయడానికి కుదరదు. దేనికి పోలిక?

రోరిక్‌ను తక్కువ చేయకుండా ఒక మాట చెప్పాలి. ప్రతీకను కాగితం మీంచి రాజ్యాల మధ్యకు తెచ్చింది ఆయనే. కళాసంస్థలనూ స్మారకాలనూ యుద్ధంలోనైనా ముట్టుకోకూడదన్న రోరిక్ ఒడంబడికపై 1935 ఏప్రిల్ 15న వాషింగ్టన్‌లో అమెరికా ఖండాల దేశాలు సంతకం చేశాయి. దాని పతాకం తెల్లని బట్టపై ఎర్రని వలయం, లోపల మూడు ఎర్రని చుక్కలు. యుద్ధం నుంచి కాపాడే జెండా అది. కాలువ పనుల నుంచి కాపాడే జెండా మాత్రం మనకు లేకపోయింది.

తెనాలి నుంచి రేపల్లె రైలెక్కితే వేమూరు దాటాక భట్టిప్రోలు వస్తుంది. అక్కడి స్తూపాన్ని పంతొమ్మిదో శతాబ్దంలో ఇటుకల గనిలా వాడుకున్నారు. ఇటుక రోడ్లకు పోయింది, పాలరాతి పలకలు వెల్లటూరు తూముకు పోయాయి. 1855కి కృష్ణ ఆనకట్ట పూర్తయి, ఈ నేలను అన్నపూర్ణను చేసిన కాలువల కాలపు పనే అదంతా. తిట్టబోతే కంచంలో అన్నం అడ్డొస్తుంది. మిగిలిన దిబ్బను 1892లో పురావస్తు పరిశోధకుడు అలెగ్జాండర్ రే తవ్వితే మూడు రాతి కరండాలు బయటపడ్డాయి. లోపల స్ఫటికపు భరిణెలు, బంగారు పూలు. మూతల మీద బ్రాహ్మి అక్షరాలు, వాటిలో కుబిరకుడనే రాజు పేరు. ఆ లిపి తీరు ఎంత ప్రత్యేకమంటే ఇప్పటికీ దాన్ని భట్టిప్రోలు లిపి అనే అంటారు.

అక్కడ దొరికిన బుద్ధుడి ధాతువు (అస్థిశేషం) ఇప్పుడు ఊళ్లో లేదు. 1920లో ప్రభుత్వం దాన్ని మహాబోధి సొసైటీకి అప్పగించింది. కలకత్తా కాలేజ్ స్క్వేర్‌లోని ధర్మరాజిక విహారంలో ఉంచారు. భట్టిప్రోలులో మిగిలింది గుండ్రటి ఇటుకల వేదిక, చుట్టూ గడ్డి, కంచె. లోపల ఏమీ లేదని బోర్డు చదివితే తెలిసిపోతుంది. అక్కడికి వచ్చిన భిక్షువులు మాత్రం చెప్పులు విప్పి, స్తూపాన్ని కుడిపక్కన ఉంచుకుని ప్రదక్షిణ మొదలుపెడతారు.