పటిక అద్దినచోట

బొమ్మలే బతుకుదెరువు కావాలనుకునే పిల్లలూ, ఒక్కసారి బందరు పక్కనున్న పెడన వెళ్లి రండి. అక్కడి కలంకారీలో ఎరుపు అద్దిన వెంటనే కనిపించదు. గుడ్డను ముందు కరక్కాయ కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. తుప్పుపట్టిన ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీటితో నల్లగీతలు అద్దుతారు. ఎరుపు కావలసినచోట అద్దేది పటిక. ఆ పూటకి ఎరుపు జాడే ఉండదు. రంగునీళ్లలో ఉడికాకే పటిక పట్టినచోట ఎరుపు తేలుతుంది. అది చూసినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఈ బందరు జాతీయ కళాశాలలోనే చిత్రకారుడు అడివి బాపిరాజుగారు ప్రమోద్‌కుమార్ ఛటర్జీ దగ్గర చిత్రకళ నేర్చుకున్నారు. మీరూ ఒక గురువును వెతుక్కోండి. మొదటి ఏడాది ఎవరూ కొనలేదని కుంచె దించకండి. ఈ సాయంత్రం కాలువగట్టున కూర్చుని ఎదురుగా ఉన్న పడవను గీయండి. కింద తేదీ వేసి దాచుకోండి.